పందెమునకు ముందటి పాండిత్యము

యుద్ధమునకు ముందు యోధులను లెక్కించుట మన దేశమున క్రొత్త విద్య కాదు. ఉద్యోగపర్వమున దుర్యోధనుడు భీష్ముని సమీపించి, ఉభయసైన్యములయందును రథులెవ్వరు, అతిరథులెవ్వరు అని ప్రశ్నింపగా, ఆ పితామహుడు ఒక్కొక్కని పేరు పలికి వాని బలాబలములను తూచి చెప్పెను. ఆ తూనికలో కర్ణుని అర్ధరథుడనెను. కర్ణుడు కోపించి, భీష్ముడు రణమున నున్నంతకాలము తాను ఆయుధము పట్టనని శపథము చేసెను. పది దినముల యుద్ధము కర్ణుడు లేకయే జరిగిపోయెను. లెక్క తప్పో ఒప్పో పండితులు తేల్చుకొందురు గాక! ఆ లెక్కవలన కౌరవపక్షమునకు కలిగిన నష్టము మాత్రము స్పష్టము. పందెమునకు ముందు పలుకబడు మాటకు ఇంతటి బలమున్నది.

శుభకృత్ నామ సంవత్సర మార్గశిర బహుళపక్షమున, అనగా 2022 డిసెంబరు 18వ తేదీ ఆదివారమునాటి సాయంకాలము, కర్నూలు కొండారెడ్డి బురుజునకు సమీపమున నొక టీ దుకాణమువద్ద ఈ కథ మాకు జ్ఞప్తికి వచ్చినది. నాటి రాత్రి ఎనిమిదిన్నరకు కతారు దేశమున ప్రపంచ ఫుట్‌బాలు తుదిపందెము. ఒక ప్రక్క అర్జెంటీనా, మరియొక ప్రక్క ఫ్రాన్సు. ఆ రెండు దేశములును కర్నూలునకు వేలకొలది క్రోసుల దూరమున నున్నవి. అయినను అచ్చట గూడిన పది పండ్రెండుగురు యువకుల వాదమును వినినవారికి, ఆ జట్లకు మంతనము ఆ బల్లలపైననే జరుగుచున్నదని తోచకమానదు.

"మెస్సీకి ఒకణ్ణి కాపలా పెడితే సాలన్నా, అర్జెంటీనా ఆట అయిపోయినట్లే" అని యొకడు.

"పెడితే వాడు ఆ కాపలావోణ్ణి లాక్కోని పక్కకు పోతాడబ్బా. ఖాళీ అయిన చోట్లోకి ఇంకొకడు దూరతాడు. అప్పుడేం జేస్తావ్?" అని మరియొకడు.

"అదంతా కాదప్పా! ఎంబాపే పరుగందుకున్నాడంటే వెనకాల పడేటోడెవడు? కుడిపక్క బ్యాకు కాలు కదపకుండా ఉండాల. వాడు ముందుకు పోయినాడో, పందెం పోయినట్లే" అని మూడవవాడు.

ప్రక్కబల్లపై కూర్చుండి టీ త్రాగుచుండిన యొక వృద్ధకర్షకుడు చాలసేపు వినెను. తుదకు, "ఎద్దు బలం ఒకటే చూసి బండ కట్టగూడదు నాయనా, జత చూసి కట్టాల" అని మెల్లగా ననెను. యువకులు నవ్విరి. ఆయన ఫుట్‌బాలాట నెన్నడును చూచియుండడు. అయినను ఆ సాయంకాలము మేము వినిన మాటలలో నదియే మిక్కిలి బరువైనది.

ఈ సీమవారికి ఆ వృద్ధుని మాట యొక్క అర్థమును విప్పిచెప్ప నక్కరలేదు. తిరునాళ్ళయందును, సంక్రాంతికిని జరుగు బండలాగుడు పోటీలలో ఎద్దులను పళ్ళనుబట్టి తరగతులుగా విభజింతురు. నిర్ణీతకాలములో ఏ జత బండను ఎక్కువ దూరము లాగునో దానిదే బహుమానము. అందు గెలుచునది అన్నిటికంటె బలమైన యెద్దు కాదు. ఒకదానియడుగు నొకటి యెరిగి నడచు జత. మొదటనే సత్తువనంతయు వెచ్చించిన జత తుదిని చతికిలబడును. దానిని ఎప్పు డదలింపవలెనో ఎప్పుడు విడువవలెనో తోలువాని కెరుకయై యుండవలెను. పోటీకి ముందటి రాత్రి ఊరి రచ్చబండపై ఈ సంగతులను గూర్చి జరుగు చర్చకును, బురుజు క్రింది చర్చకును భేదము పేరులలోనేగాని పదార్థమున లేదు.

ఇట్టి వాదములను పెద్దలు కొందరు ఉత్తరకుమార ప్రజ్ఞలని యపహసింతురు. అంతఃపురకాంతల నడుమ కౌరవసేన నంతయు గెలిచి, రణభూమిని చూచినంతనే రథము దిగి పరుగెత్తిన రాకుమారునితో వీరిని పోల్చుదురు. మేమట్లు నవ్వజాలము. ఆ టీ దుకాణమున నొకడు పాలెగాని వంశస్థుడో, ఒకడు మెకానిక్కు కొడుకో, ఒకడు వైద్యకళాశాల విద్యార్థియో మాకు తెలియదు. వారిలో వారికిని ఆ ప్రశ్న పుట్టలేదు. చిన్నవాడు పెద్దవానిని కాదనెను, పెద్దవాడు యుక్తి చూపుమనెను, చూపినపిమ్మట నంగీకరించెను. ఎదిరిపక్షమువాడు పొరబడినవాడేగాని పగవాడు కాడను ఎరుక అచ్చట నుండెను. కక్షలచేత చాలకాలము పేరుపడిన ఈ సీమయందు ఈ యెరుక యల్పమైనది కాదు. పందెమునకు ముందటి పాండిత్యము వలన మరియే లాభము లేకున్నను ఈ యొక్క లాభమే చాలును.

కాని ఆ పాండిత్యమునకు హద్దున్నది. ఆ రాత్రి యది బయటపడెను.

అర్జెంటీనా శిక్షకుడు స్కలోనీ, డి మరియా యను నాటగానిని ఎడమవైపున నిలిపెను. డి మరియా సాధారణముగా కుడివైపున నాడువాడు. గాయపడి నాకౌట్ పందెములలో నించుమించుగా కూర్చుండియే యుండినవాడు. బురుజు క్రింది పండితులలో నొక్కడును వాని పేరెత్తలేదు. ఫ్రాన్సువారును ఎదురుచూచినట్లు కానరాలేదు. ఆ ఎడమవైపుననే వానిని పడద్రోయుటచేత పెనాల్టీ లభించి, 23వ నిమిషమున మెస్సీ గోలు చేసెను. 36వ నిమిషమున డి మరియా తానే రెండవ గోలు చేసెను. ఫ్రాన్సు శిక్షకుడు దెషాం, సగమాట ముగియక పూర్వమే, 41వ నిమిషమున, తన ముందువరుసలోని యిరువురిని మార్చివేసెను. 64వ నిమిషమున డి మరియా బయటికి వచ్చెను. పిమ్మట ఎంబాపే 80, 81వ నిమిషములలో వరుసగా రెండు గోలులు కొట్టి పందెమును సమము చేసెను. అదనపుకాలము ముగియునప్పటికి 3–3. తుదకు పెనాల్టీలలో అర్జెంటీనా 4–2 గెలిచెను.

మరునాడు మేము నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు పోవు బస్సులో నుంటిమి. దారి పొడవునను వెనుకసీట్ల కుర్రవాండ్రు ఆ పందెమునే తిరిగి యాడిరి. డి మరియాను దింపకున్న పందెము పెనాల్టీలదాక పోయియుండెడిది కాదని యొకడు. వాని సత్తువ యెంతదాక వచ్చునో శిక్షకుని కెరుక, నీకేమి యెరుకయని మరియొకడు. ఈ రెండవ మాట విని మాకు సంతసము కలిగినది. వ్యూహమనగా కాగితముపై చుక్కలు పెట్టుట కాదు, తన మనుష్యులను తానెరుగుట యని యా బాలుడు గ్రహించెను.

ఆ కుర్రవాండ్రలో నొకని నడిగితిమి: "నాయనా, గాయపడినవానిని ఎవ్వరూ ఊహింపని చోట నిలిపి తుదిపందెము గెలిచిన శిక్షకుడు మన చేరువనే, హైదరాబాదున, నొకడుండెను. ఎరుగుదువా?" అతడు తల యడ్డముగా నూపెను. ఇతరులును నట్లే యూపిరి. వారి తప్పు కాదు. వారికి చెప్పినవారు లేరు.

సయ్యద్ అబ్దుల్ రహీము 1909లో జన్మించెను. వృత్తిచే నుపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, హైదరాబాదు పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పుచు, వ్యాయామవిద్యయందు శిక్షణము పొంది, సాయంకాలములయందు బంతియాట నేర్పుచుండినవాడు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది. 1800లో దత్తమండలములు నిజాము చేతినుండి ఇంగ్లీషువారి చేతికి పోయినది మొదలు తుంగభద్రకు ఆవలి యొడ్డును ఈవలివారు పరదేశముగా చూచుట కలవాటుపడిరి. ఆ యలవాటుచేతనే కాబోలు, ఆవలి యొడ్డున నింతటివాడు పుట్టెనని ఈవలి పాఠశాలలు నేటికిని చెప్పవు. 2024లో 'మైదాన్' అను హిందీ చలనచిత్రము వచ్చినపిమ్మట గాని ఆయన పేరు మన పట్టణములలో పలువురి చెవిని పడలేదు.

రహీము విద్య యెట్టిదో తెలియుటకు ఆనాటి ఆటను కొంత తెలియవలెను. అప్పటి జట్లు చాలవరకు, ఇంగ్లీషు లిపియందలి రెండక్షరముల యాకృతినిబట్టి డబ్ల్యూ-ఎమ్ అనబడు పద్ధతిని ఆడుచుండెను. ఎవ్వనికి ఎదురుగా ఎవ్వడు నిలువవలెనో అందు నిర్ణీతము. ఎదిరి సెంటర్ ఫార్వర్డును మన నడిమి బ్యాక్కు వదలరాదు. 1953 నవంబరు 25న లండను వెంబ్లీ మైదానమున హంగరీ జట్టు ఈ కట్టుబాటును తలక్రిందు చేసెను. హంగరీ సెంటర్ ఫార్వర్డు హిదెగ్‌కుటి ముందు నిలువక వెనుకకు జరిగెను. ఇంగ్లండు బ్యాక్కు వాని వెంట పోయిన తన గోలు ముంగిట ఖాళీ యేర్పడును. పోకున్న వానికి అడ్డెవ్వడును లేడు. ఆ సందేహముననే పందెము పోయినది. హిదెగ్‌కుటి మూడు గోలులు చేయగా, హంగరీ 6–3 గెలిచెను. తన గడ్డపై ఐరోపాఖండపు జట్టుచేత అంతకుముందెన్నడును ఓడని ఇంగ్లండునకు అది గర్వభంగము. 1958లో బ్రెజిలు వెనుక నలుగురిని, నడుమ నిరువురిని, ముందు నలుగురిని నిలిపి ప్రపంచకప్పును గెలిచెను. ఈ క్రొత్త పద్ధతులను మన దేశమున శ్రద్ధతో పరిశీలించి, తన పిల్లలకు సరిపడునట్లు మలచినవారిలో రహీము ప్రథమగణ్యుడు.

ఆయన యెదుట నుండిన పని సులభమైనది కాదు. 1948 లండను ఒలింపిక్కులలో మన యాటగాండ్రు పలువురు వట్టి పాదములతో నాడి, ఫ్రాన్సుచేత 1–2 ఓడిరి. దొరికిన రెండు పెనాల్టీలను పోగొట్టుకొనిరి. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియాచేత 1–10 చితికిరి. ఆ పిమ్మట బూట్లు తప్పనిసరి యయ్యెను. నాలుగేండ్లకు, 1956 మెల్‌బోర్ను ఒలింపిక్కులలో, రహీము జట్టు ఆస్ట్రేలియాను వారి దేశముననే 4–2 గెలిచి సెమీఫైనలు చేరెను. నెవిల్ డిసౌజా యా పందెమున మూడు గోలులు చేసెను. తిరిగి అదే యుగోస్లావియా ఎదురుపడగా మొదటి గోలు మనవారే చేసి, తుదకు 1–4 ఓడిరి. మొత్తముపై నాల్గవస్థానము దక్కెను. పదింటికొకటి నుండి నాలుగింటికొకటికి వచ్చిన ఆ దూరమే రహీము చేసిన పని.

ఆ పని మాయ కాదు. బంతిని తనయొద్ద నుంచుకొని మురియువారిని మాన్పుటకై, అందినబంతిని వెంటనే తోడివానికి అందింపవలెనను నియమముతో పందెములు పెట్టించెను. చేతకాని కాలితోనే బంతిని తన్నవలెనని మరికొన్ని పందెములు పెట్టించెను. ఒంటికాలి యాటగానిని రెండుకాళ్ళవానిగా చేయుట యన నిదియే. ఎదిరిని ఎట్లు మోసగింపవలెనను ప్రశ్నకు పూర్వము, మనవానికి ఏమి రాదు, దాని నెట్లు నేర్పవలెనను ప్రశ్నను ఆయన వేసికొనుచుండెను. బడిపంతులు వేసికొను ప్రశ్న యది.

1962వ సంవత్సరము కూడ శుభకృత్తే. అరువది యేండ్ల చక్రము తిరిగి అదే పేరు 2022లో వచ్చినది. ఆ తొలి శుభకృత్తున జకార్తా ఆసియా క్రీడలలో మనవారు మొదటి పందెముననే దక్షిణకొరియాచేత 0–2 ఓడిరి. పిమ్మట థాయిలాండును 4–1, జపానును 2–0 గెలిచిరి. థాయిలాండు పందెమున మన రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. సెమీఫైనలు ముంగిట నున్నది. స్టాపరు స్థానమున తలతో బంతి నడ్డగింపక తప్పదు; కుట్లు పడిన తలవానిని అచ్చట నిలుపరాదు. వానిని కూర్చుండబెట్టవలెనా? ఏ టీ దుకాణమున నడిగినను ఔననియే చెప్పియుందురు.

రహీము జర్నైల్ సింగును సెంటర్ ఫార్వర్డుగా నిలిపెను. గోడగా నుండినవాడు గునపమయ్యెను. దక్షిణవియత్నాముపై మనవారు 3–2 గెలిచిరి. అందొక గోలు జర్నైలుదే. సెప్టెంబరు 4వ తేదీ తుదిపందెమున తిరిగి దక్షిణకొరియాయే ఎదురుపడెను. ఇజ్రాయెలును, తైవానును క్రీడలకు పిలువకుండుటను మన దేశపు క్రీడాధికారి సోంధీ ఆక్షేపించియుండుటచే జకార్తా జనము మనపై మండిపడుచుండెను. అంతటి మైదానమును మనవారిని గేలిచేయుచు ఘోషించుచుండగా 17వ నిమిషమున పి.కె. బెనర్జీ, 20వ నిమిషమున జర్నైల్ సింగు గోలులు చేసిరి. చివరిగడియలలో కొరియా యొక గోలు చేసినను, 2–1 మనవారు స్వర్ణపతకము గెలిచిరి. చునీ గోస్వామి నాయకుడు. ఆ జట్టున సికిందరాబాదు వాడైన తులసీదాస్ బలరాము, హైదరాబాదు వాడైన యూసఫ్ ఖాను నుండిరి.

జర్నైలు గాయము కుట్లతో మానినది. రహీము వ్యాధి మానునది కాదు. క్యాన్సరు ఆయన నంతకుముందే పట్టియుండెను. 1963 జూన్ 11న ఆయన గతించెను. 1970లో బ్యాంకాకున, హైదరాబాదు వాడైన నయీముద్దీను నాయకత్వమున, మనకు కాంస్యము దక్కెను. ఆసియా క్రీడల ఫుట్‌బాలున మరియొక స్వర్ణము నాటినుండి 2023 వరకు మన చేతికి రాలేదు.

భీష్ముడును రహీమును పందెమునకు ముందు తమ వారిని తూచినవారే. ఒకరి తూనిక పూర్ణరథుని అర్ధరథుని చేసి, పది దినములు రణమునకు దూరము చేసెను. మరియొకరి తూనిక గాయపడినవానిని, సగమాటకును పనికిరాడని లోకమనుకొనినవానిని, అతిరథుని చేసెను. వ్యూహకర్తకును వాదకునకును గల భేదమిదియే. వాదకుడు లోపమును చూచి లెక్కనుండి కొట్టివేయును. వ్యూహకర్త లోపమును చూచి, ఆ లోపముతో కూడ వాడు ఎచ్చట నక్కరకు వచ్చునో వెదకును. ఇది బంతియాటకే చెందిన నీతి కాదు. కరవుసీమయని కొట్టివేయబడిన మన మండలముల గూర్చి మాటలాడువారందరును దీనిని గమనింతురు గాక!

ఇక మన ప్రస్తుతమునకు వత్తము. కర్నూలునందును కడపయందును వాదకులకు కొదువ లేదు. ఆటగాండ్రేరి? ఫుట్‌బాలున కొక బంతియు, నొక సమతలమును చాలును. క్రికెట్టువలె బల్లలు, కాలికవచములు, చేతితొడుగులు కొననక్కరలేదు. ఈ సీమకు నీటి కరవున్నది గాని నేల కరవెన్నడును లేదు. అట్లయ్యును పట్టణములలో వీధివీధికిని వెలసిన పాఠశాలలలో పలువాటికి పిల్లలు పది యడుగులు పరుగెత్తు చోటైనను లేదు. మేడపై మేడ కట్టి, చుట్టును ఇనుపచువ్వలు బిగించి, లోపల పుస్తకము, బయట బస్సు. ఆ బాలుడు బడి విడిచి వచ్చి చేతిలోని తెరపై ప్యారిసును, బ్యూనస్ ఐర్సును చూచును. వాటి వ్యూహములను నోటికి వల్లించును. బంతిని మాత్రము తన్నియెరుగడు. రాని కాలితో తన్నుట నేర్పిన రహీమునకు నేడు శిష్యులుండిరేని, వారికి మొదట రెండుకాళ్ళు నిలుపుటకు చోటు వెదకవలసివచ్చును.

చేయదలచిన పని కాదనుటకు వీలులేదు. పొరుగున ననంతపురమును చూడుడు. స్పెయిను దేశస్థుడైన విన్సెంటు ఫెర్రరు 1969లో ఆ కరవుజిల్లాయందు స్థిరపడి నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ నేడు క్రీడాగ్రామమును నడుపుచున్నది. పల్లెల బాలురును బాలికలును అచ్చట బంతియాట నేర్చుచున్నారు. పరదేశమునుండి వచ్చినవానికి ఆ నేల పనికివచ్చునని తోచినది. దానిని తాతలనాటినుండి దున్నుచున్నవారికి తోచకుండుట తగునా?

భూస్వాములకు మా మనవి యొక్కటి. వేరుసెనగ పీకినపిమ్మట వర్షాధారపు చేలు తొలకరిదాక బీడుపడియే యుండును. ఆ నెలలలో ఊరికొక యెకరము, రాళ్ళేరి, చదునుచేసి, పిల్లలకు విడువుడు. దానపత్రము వ్రాయనక్కరలేదు; తొలకరికి మీ చేను మీదే. బండలాగుడు పోటీలకు బహుమానములిచ్చు చేతులు రెండు గోలుకొయ్యలు పాతించుట భారముగా నెంచవు. పట్టణవాసులకు మరియొకటి. బిడ్డను బడిలో చేర్చుటకు ముందు ఫలితముల పట్టికతోబాటు ఆటస్థలమును గూడ చూపుడని యడుగుడు. పదిమంది తండ్రులడిగిన, పదునొకండవ యేట మైదానము లేచివచ్చును.

బురుజు క్రింది వాదము మానవలెనని మేము కోరము. అది యింకను పెరుగవలెను. కాని రాబోవు పెద్దపందెము ముందటి సాయంకాలమున ఆ బల్లలపై కూర్చుండువారిలో నిరువురు ముగ్గురు మైదానమునుండి అప్పుడే వచ్చి, మోకాళ్ళ దుమ్ము దులుపుకొనుచు మాటలాడువారై యుండవలెను. ఆ దినమున ఆ వృద్ధుడు తిరిగి జతను చూచి బండ కట్టుమనినచో, వారు నవ్వరు. ఆ జతలో నిలిచినవారికి ఆ మాట కాళ్ళకే తెలిసియుండును.